చూసొచ్చి రాసిన పుస్తకం

ఈ పుస్తకం చేతికి తీసుకున్నవాళ్లు నా ముందుమాటను కాసేపు పక్కన పెట్టి, ఐదో తరగతి పాప రాసిన టమోటా లెక్కను ముందుగా చదవాలని నా మనవి. బడి పిల్లలు మదనపల్లె టమోటా మార్కెట్టుకు పోయి వచ్చిన మరునాడు రాసిన పేజీ అది. మండీలో వేలంపాట ఎట్లా జరుగుతుందో నాలుగు ముక్కల్లో చెప్పి, ఆ పాప నేరుగా తన ఇంటి లెక్కలోకి దిగింది. తోటలో ఎన్ని క్రేట్లు కోశారు, క్రేటు ఎంతకు పాడారు, ఆటో బాడుగ ఎంత, కోత కూలీలకు ఎంత, మండీ కమీషను ఎంత, దించినవాళ్లకు ఎంత అని ఒకదాని కింద ఒకటి వేసి తీసివేసుకుంటూ వచ్చింది. చివర మిగిలిన సొమ్ము చుట్టూ పెన్సిలుతో గీత చుట్టింది. దాని కింద ఇంకో రెండు వరసలున్నాయి. నాయన కూలి ఇందులో వేయలేదని ఒక వరస. అమ్మ కూలి కూడా వేయలేదని రెండో వరస.

దేశంలో పంటల మద్దతు ధరలను సిఫారసు చేసే కమిషను సాగు ఖర్చులో ఇంటివాళ్ల శ్రమకు విడిగా ఒక పద్దు పెడుతుంది. ఆ పద్దు గురించి పెద్దపెద్ద చదువులు చదివినవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు. అట్లాంటి పద్దు ఒకటుందని ఈ పాపకు ఎవరూ చెప్పి ఉండరు. మండీ చూసింది, ఇంటికి పోయి అమ్మానాయనలను అడిగింది, కూర్చుని లెక్క కట్టింది, పద్దు తానే పట్టుకుంది. 2023 జూలైలో ఇదే మార్కెట్టులో మేలురకం టమోటా కిలో 200 రూపాయల దరిదాపుల్లో పలికింది. ధర పడిపోయిన రోజుల్లో కోత కూలి కూడా గిట్టదని కాయను చెట్టుకే వదిలేసిన తోటలనూ ఈ సీమలో అందరం చూశాం. ఆ రెంటి నడుమ బతుకుతున్న ఇంట్లో పుట్టిన బిడ్డకు లాభనష్టాల పాఠం ఇంతకంటే బాగా ఎక్కడ దొరుకుతుంది?

బడి పేరు, పిల్లల పేర్లు, టీచర్ల పేర్లు అన్నీ లోపలి పేజీల్లో ఉన్నాయి కాబట్టి నేను మళ్లీ ఏకరువు పెట్టను. పెద్దమండ్యం మండలంలోని ఒక సర్కారు ప్రాథమిక పాఠశాల, ఒక విద్యా సంవత్సరంలో పిల్లల చేత చేయించిన పనులను, తిప్పిన చోట్లను వాళ్ల రాతల్లోనే పుస్తకంగా కూర్చింది. ఇట్లాంటి పుస్తకాలకు ముందుమాట రాయమని నన్ను అడుగుతూనే ఉంటారు. చాలావాటిలో పెద్దలు తమ పేరుతో తామే రాసుకున్న వ్యాసాలుంటాయి, చివర్న పిల్లల గ్రూపు ఫోటో ఒకటి ఉంటుంది. చివరి కార్డులు, పట్టికలు తప్పిస్తే ఇందులో పెద్దల రాత ఈ నా ముందుమాట ఒక్కటే. తక్కినదంతా పిల్లలది. అందుకే సంతోషంగా ఒప్పుకున్నాను.

మా సీమ గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పెద్దమండ్యం తంబళ్లపల్లె నియోజకవర్గంలోది, మొన్నటిదాకా చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అన్నమయ్య జిల్లాలో చేరింది. మెట్ట పొలాలు, రాతి గుట్టలు, వాన మీద ఆశ. వాన పడితే చెనిక్కాయ, బోరులో నీళ్లుంటే టమోటా. రెండూ లేని ఏడు బెంగుళూరుకో, ఇంకా దూరం కువైట్‌కో పోయేవాళ్లు పోతారు, పిల్లలు జేజినాయన, జేజిల దగ్గర ఉంటారు. ఈ బడిలో అట్లాంటి బిడ్డలు కొందరున్నారని పుస్తకం చదివితే తెలుస్తుంది. జ్వరం వచ్చి ఆసుపత్రికి పోయినప్పుడు తప్ప మదనపల్లె చూడలేదని ఒక పిల్లవాడు రాశాడు. ఆ పిల్లవాడిని బస్సు ఎక్కించి ఊరు చూపించడాన్ని ఎవరైనా వినోదం కింద జమకడితే నాకు కోపం వస్తుంది.

ఈ టీచర్లు చేసిన పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్లు పెట్టుకున్న వరస. మొదటి ప్రయాణానికి బస్సు లేదు. బడి వెనక చెరువు దగ్గరికి నడిచి పోయారు. పోయే ముందు రోజు పిల్లలంతా తలా ఒక ప్రశ్న రాసుకున్నారు. ఆ ప్రశ్నల జాబితా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వేశారు. చెరువు ఎవరు తవ్వారు? నీళ్లు లేనప్పుడు చేపలు ఎక్కడికి పోతాయి? తూము తాళం ఎవరి దగ్గర ఉంటుంది? చెరువులో తుమ్మచెట్లు ఎవరు నాటారు? కట్ట మీద గుడి ఎందుకుంది? పెద్దవాళ్లం ఆ కట్ట మీద వందసార్లు నడిచి ఉంటాం, ఈ ప్రశ్నల్లో ఒక్కటీ మనకు తోచి ఉండదు.

కట్ట పొడవును ముందు అడుగులతో కొలిచారు. మూడో తరగతి వాడి అడుగులు ఎక్కువ వచ్చాయి, ఐదో తరగతి వాడివి తక్కువ వచ్చాయి. ఇద్దరిలో ఎవరిది నిజమని తగువు. అప్పుడు టీచరు సంచిలోంచి తాడు తీసింది, మీటరుకు ఒక ముడి వేయించింది, ఆ తాడుతో మళ్లీ కొలిపించింది. కొలతకు అందరూ ఒప్పుకునే ఒక ప్రమాణం ఎందుకు కావాలో ఆ పూట పిల్లలకు తగువులోనే అర్థమైంది. పుస్తకంలో ఆ తాడు బొమ్మ వేసి ముళ్లు కూడా లెక్కగా గీశారు. తర్వాత తూము, మరవ, కాలువ, ఆయకట్టు అన్నీ చూసి వచ్చి బడి ఆవరణలో ముగ్గుపిండితో చెరువు పటం వేశారు. మట్టిని చేత్తో పట్టుకుని, పిసికి, పూడిక మట్టికీ చేను మట్టికీ తేడా రాశారు. ఒకప్పుడు ఊళ్లో నీరుగట్టు పని చేసిన పెద్దాయనను బడికి పిలిపించి కూర్చోబెట్టి, ఏ కయ్యకు ముందు నీళ్లు వదిలేవాళ్లో, కరువు ఏట ఎట్లా పంచేవాళ్లో అడిగి రాసుకున్నారు. ఆయన బడిలో కుర్చీ మీద కూర్చోవడం అదే మొదటిసారని ఒక పాప రాసింది. ఊరి జ్ఞానానికి బడిలో కుర్చీ వేసిన ఆ టీచరును నేను చేతులెత్తి అభినందిస్తున్నాను.

చదువు ఊరితో ముడిపడాలన్న మాట కొత్తదేమీ కాదు. 1993లో ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ భారం లేని చదువు గురించి నివేదిక ఇచ్చింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బడి బయటి బతుకుతో చదువును కలపాలన్న సూత్రాన్ని అన్నిటికంటే ముందు పెట్టింది. ఇప్పుడు సర్కారు బడుల్లో శనివారాన్ని సంచుల్లేని రోజుగా పాటిస్తున్నారు. కాగితం మీద కొరత ఎప్పుడూ లేదు. ఆ శనివారం పూట ఏం చేయాలన్నదే చాలా బళ్లకు తెలియదు. ఆటలాడించి పంపించేస్తారు. ఆటా మంచిదే. కానీ ఈ బడి ప్రతి శనివారానికీ ముందు ఒక ప్రశ్నను, వెనక ఒక రాతను పెట్టుకుంది. ఈ ముందూ వెనకా పని లేకపోతే ఎంత దూరం పోయినా అది తిరగడమే అవుతుంది. ఈ పుస్తకం అంతా చదివాక నాకు గట్టిగా కలిగిన అభిప్రాయం ఇదే, దీన్నే ఇక్కడ మళ్లీ మళ్లీ చెబుతాను.

ఇంకో సంగతి మన టీచర్లు గుర్తు పెట్టుకోవాలి. చేతులతో చేస్తూ, ఎవరి వేగంలో వాళ్లు, ఒకరికొకరు చెప్పుకుంటూ నేర్చుకునే పద్ధతికి దేశంలో పేరు తెచ్చినది మన పక్క ఊళ్లే. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన రిషివ్యాలీ బడి గురించి అందరికీ తెలుసు. ఆ లోయ చుట్టూ ఉన్న పల్లెల్లో 1980ల చివరి నుంచి నడిచిన చిన్నచిన్న ఏకోపాధ్యాయ బళ్ల గురించి తెలిసినవాళ్లు తక్కువ. రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు ఆ బళ్ల కోసం పాఠాలను చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి కార్డులు తయారు చేశారు. కార్డు మీద జంతువు బొమ్మ, గోడ మీద నిచ్చెన పటం. ఏ బిడ్డ ఏ మెట్టు మీద ఉన్నాడో ఆ బిడ్డకే తెలుస్తుంది. సెలవు పెట్టి చెనిక్కాయ పీకడానికి పోయిన బిడ్డ తిరిగి వచ్చినప్పుడు వదిలిన మెట్టు నుంచే మొదలు పెడతాడు, వెనకబడ్డావని ఎవరూ అనరు. ఊరంతా వచ్చి పిల్లల తూకాలు, కొలతలు, బేరాలు చూసే మెట్రిక్ మేళా కూడా వాళ్లదే.

1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోట టీచర్లు వచ్చి ఈ బళ్లు చూసి పోయి, నలి-కలి అనే పద్ధతిని మొదలు పెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషను బళ్లు అదే దారి పట్టాయి, తర్వాత తమిళనాడు అంతటా కార్డుల చదువు వచ్చింది. మన రాష్ట్రంలోనూ ఆనందలహరి పేరుతో కొన్ని బళ్లలో ఆ పద్ధతి నడిచింది. పక్క రాష్ట్రాలవాళ్లు బస్సులేసుకుని వచ్చి మన గుట్టల నడుమ బళ్లను చూసి నేర్చుకుపోతే, గుట్టకు ఈవలి పక్క ఉన్న మనవాళ్లకు చాలాకాలం ఆ కబురే అందలేదు. ఈ పుస్తకం చేసిన టీచర్లు ఒక సెలవు రోజు తమ సొంత ఖర్చులతో ఆ బళ్లకు పోయి చూసి వచ్చారని నాతో చెప్పారు. వాళ్లు తయారు చేసుకున్న కార్డుల నమూనాలు కొన్ని చివర్లో ఉన్నాయి. అట్టడబ్బాలు, పెళ్లి పత్రికల అట్టలు కత్తిరించి చేసినవి.

ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు చెప్పడం మన వీధిబడి నాటి నుంచీ ఉన్నదే. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల వారీగా బళ్ల లెక్క అడిగినప్పుడు 12,498 బళ్లున్నట్టు తేలింది. మన్రో అంతకు ముందు మన దత్తమండలాలకే కలెక్టరుగా ఉన్నాడు. మన మదనపల్లె, వాయల్పాడు అప్పుడు కడప జిల్లాలోవి, 1911లో గానీ చిత్తూరు జిల్లా ఏర్పడలేదు. మన్రో అడిగిన లెక్కకు జవాబుగా 1823లో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ రాసిన నివేదికలో, ఇసుకలో వేలితో రాయించడాన్నీ, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించడాన్నీ మెచ్చుకున్నాడు, ఇంగ్లండు కూడా దాన్ని అనుకరించిందని రాశాడు. ఈ బడిలో ఐదో తరగతి పిల్లలు ఒకటో తరగతి వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఇసుక పళ్లెంలో అక్షరాలు దిద్దించిన ఫోటో చూసినప్పుడు నాకు ఆ నివేదిక గుర్తుకొచ్చింది.

ఇక బస్సు ప్రయాణాలు. గుర్రంకొండ కోట గురించి పిల్లలు రాసింది బాగుంది గానీ పుస్తకాల్లోంచి ఎత్తి రాసిన వాక్యాలు అక్కడక్కడా తగులుతాయి. విజయనగర రాజుల కాలం, కడప నవాబులు, హైదరలీ, టిప్పు అని పేర్లు వరసగా వస్తాయి. అదే పిల్లలు రంగిణీ మహలు గోడ దగ్గర నిలబడి సున్నం, ఇటుక, రాయి ఏ ఎత్తు దాకా ఏది వాడారో చూసి రాసిన భాగం మాత్రం వాళ్ల సొంతం. బేల్దారి పని చేసే తండ్రి ఉన్న ఒక పిల్లవాడు ఇప్పటి సిమెంటు గోడకూ ఆ గోడకూ మందం తేడా జానలతో కొలిచి రాశాడు. ఆ పక్కనే తరిగొండకు పోయి వెంగమాంబ పుట్టిన ఊరు చూశారు. పద్దెనిమిదో శతాబ్దంలో, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న ఒక స్త్రీ ఊరి కట్టుబాట్లను ఎదిరించి, తిరుమల చేరి, అన్ని కావ్యాలు రాసిందని తెలుసుకున్న ఆడపిల్లలు ఆమె గురించి ఒక చిన్న నాటిక వేసుకున్నారు. నాటిక పుస్తకంలో ఉంది, తక్కిన బళ్లవాళ్లు వేసుకోవచ్చు.

మదనపల్లెలో మార్కెట్టుతో పాటు బీసెంట్ థియసాఫికల్ కళాశాలకు కూడా తీసుకుపోయారు. 1915లో పెట్టిన కళాశాల అది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూర్ అక్కడికి వచ్చి ఉన్నారు. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండు దేశస్థులు. ఠాగూర్ అక్కడ జనగణమన పాడి వినిపించారు, ఆ రోజుల్లోనే దాన్ని ఇంగ్లీషులోకి తనే అనువదించారు, మార్గరెట్ దానికి స్వరాలు రాసిపెట్టింది. 1950 జనవరి 24న ఆ పాట దేశానికి జాతీయగీతమైంది. మన బిడ్డలు రోజూ ప్రార్థనలో 52 సెకన్ల పాటు పాడే పాటకు మన మదనపల్లెతో ఇంత చుట్టరికం ఉందని ఎంతమందికి తెలుసు? పిల్లలు ఆ ఆవరణలో నిలబడి పాడారట. బడికి తిరిగి వచ్చాక ప్రార్థన ఇంకాస్త శ్రద్ధగా పాడుతున్నారని హెడ్మాస్టరు చెప్పారు, నేను నమ్ముతాను.

హార్స్‌లీ హిల్స్ గురించి ఎక్కువ చెప్పను. 1,265 మీటర్ల ఎత్తు, చల్లగాలి, అందరూ పోయేదే. కడప కలెక్టరు హార్స్‌లీ 1870లో ఇల్లు కట్టుకున్నాడు గనక ఆ పేరు వచ్చింది గానీ, అంతకు ముందు నుంచీ అది ఏనుగు మల్లమ్మ కొండ. పిల్లలు అక్కడ పిట్టల లెక్క రాశారు. దక్షిణాదిలో రాతి గుట్టల మీద మాత్రమే కనిపించే పసుపు గొంతు పికిలిపిట్ట ఆ కొండల్లో ఉంటుంది. అది వాళ్లకు కనిపించలేదట. కనిపించలేదని నిజాయితీగా రాసినందుకు వాళ్లను మెచ్చుకుంటున్నాను.

ఈ పుస్తకంలో నేను రెండుమూడు సార్లు వెనక్కి తిప్పి చదివిన భాగం కదిరి వైపు ప్రయాణం. ఒక్క రోజులో మూడు చోట్లు చూశారు. పొద్దున్నే నంబులపూలకుంట దగ్గర సౌరవిద్యుత్తు పలకలు, తర్వాత గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను, సాయంత్రం కటారుపల్లెలో వేమన సమాధి.

నంబులపూలకుంట సోలార్ పార్కు 1,500 మెగావాట్ల సామర్థ్యంతో తలపెట్టినది. చెనిక్కాయ పెట్టుకునే నేలల్లో ఇప్పుడు కనుచూపు మేర నల్లటి పలకలు. వాన కురవని ఆకాశమే ఇక్కడ కరెంటు ఇస్తోంది. పిల్లలు బస్సు కిటికీలోంచి పలకల వరసలను లెక్క పెట్టబోయి మధ్యలోనే వదిలేశారు. పలకలన్నీ ఒకే దిక్కుకు ఎందుకు వాలి ఉన్నాయని ఒకడు అడిగాడు. సూర్యుడు మనకు ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం వాలుగా పోతాడని టీచరు చెప్పింది. చెబితే సరిపోదని, మరునాటి నుంచి బడి ఆవరణలో కర్ర పాతి రోజూ మధ్యాహ్నం నీడ ఎటు పడుతుందో గుర్తు పెట్టించింది. నెలల తరబడి పెట్టిన ఆ గుర్తుల పటం పుస్తకంలో రెండు పేజీలు ఆక్రమించింది. బస్సులో అడిగిన ఒక్క ప్రశ్న ఆవరణలో అంతకాలం నిలబడింది. విహారం చదువుగా మారడమంటే నాకు తెలిసినంతలో ఇదే.

తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదు ఎకరాల్లో పరుచుకుంది. బెంగుళూరు పాత్రికేయుడు రిగ్రెట్ అయ్యర్ చొరవతో 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. కలకత్తా దగ్గర హౌరా బొటానికల్ గార్డెన్‌లో ఉన్న ఇంకో పెద్ద మర్రికి మొదలు కుళ్లిపోతే 1925లో తీసేశారు, అయినా ఊడల మీదే చెట్టు బతికి ఉంది. పిల్లలు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఊడ నేలకు దిగి మానుగా ఎట్లా మారుతుందో బొమ్మలు వేశారు. సన్నటి వేరు ఊడ దగ్గర నుంచి, ఇద్దరు చేతులు కలిపినా అందని మాను దాకా ఐదు దశలు. ప్రతి బొమ్మ పక్కనా దారంతో కొలిచిన చుట్టుకొలత ఉంది. సైన్సు టెక్స్టుబుక్కులో ఒక్క వాక్యంతో అయిపోయే సంగతి ఇక్కడ ఒక అట్ట నిండా పరుచుకుంది.

అక్కడ చెప్పే కథ తెలిసిందే. 1434లో తిమ్మమ్మ భర్తతో పాటు సహగమనం చేసిందని, చితికి నాటిన గుంజ చిగురించి ఈ మాను అయిందని జనం చెప్పుకుంటారు. ఆ కథ విన్న నాలుగో తరగతి పాప ఒక ప్రశ్న అడిగింది. ముందు భార్య చనిపోయి ఉంటే భర్త కూడా చితి ఎక్కేవాడా? ఆ ప్రశ్నను పుస్తకంలో పెద్ద అక్షరాలతో వేశారు. టీచరు ఆ పాపను కసరలేదు, కథను ఎగతాళి చేయనూ లేదు. ఊరి నమ్మకాన్ని నమ్మకంగా చెప్పి, ఆ ఆచారం ఎంతమంది ఆడవాళ్ల ప్రాణం తీసిందో, రామమోహన్ రాయ్ వంటివాళ్లు ఎట్లా పోరాడారో, 1829లో బెంటింక్ దాన్ని నేరంగా ఎట్లా ప్రకటించాడో వివరించింది. భక్తితో దండం పెట్టుకునే చోట న్యాయం గురించి కూడా ఒక బిడ్డ అడగగలిగిందంటే, ఆ బడిలో పిల్లలకు భయం లేదన్న మాట. ఇన్‌స్పెక్షన్ రిపోర్టుల్లో రాసుకోవడానికి గడి లేదు గానీ, నన్నడిగితే బడికి వేయాల్సిన మొదటి మార్కు దానికే.

కటారుపల్లెలో వేమన సమాధి దగ్గర పిల్లలు తమకు వచ్చిన పద్యాలన్నీ చదివారు. బ్రౌన్ దొర వేమన పద్యాలను సేకరించి అచ్చు వేసింది కూడా 1829లోనే. బడి గోడకు వాళ్లు కాలపు తాడు ఒకటి కట్టుకున్నారు. తాము చూసిన ప్రతి చోటుకూ ఒక సంవత్సరం చీటీ రాసి ఆ తాడుకు తగిలిస్తారు. 1829 దగ్గర రెండు చీటీలు పక్కపక్కన వచ్చాయి. అది ఎవరూ అనుకుని చేసింది కాదు. ఆ తాడు ముందు నిలబడి రెండూ ఒకే ఏడా అని ఆశ్చర్యపోయిన పిల్లలకు చరిత్ర అంటే తారీఖుల బరువు అని ఇక ఎవరూ చెప్పలేరు.

బయట తిరిగినవే కాక బడిలో చేసినవీ చాలా ఉన్నాయి. జేజిని అడిగి రాసిన పాత పంటల జాబితాలో కొర్ర, సామ, ఆరిక, సజ్జ, జొన్న అన్నీ విత్తనంతో సహా చిన్న సంచుల్లో అంటించారు. 2023 మార్చి నుంచి బడుల్లో రాగిజావ పోస్తున్నారు కాబట్టి, రాగి చేను నుంచి జావ గ్లాసు దాకా ఏమేం జరుగుతుందో ఒక బొమ్మల వరస వేశారు. సంగటి గెలికే జేజి బొమ్మ అందులో అన్నిటికంటే బాగుంది.

ఈ రాతల్లో భాష గురించి కొందరికి అభ్యంతరం ఉండవచ్చు. పిల్లలు ఇంట్లో మాట్లాడేట్టే రాశారు. ఎనుము, కసువు, పొయ్యింటిమి, చూసొస్తిమి వంటివన్నీ అట్లాగే ఉన్నాయి. అక్షర దోషాలు దిద్దారు, మాట దిద్దలేదు. మంచి పని చేశారు. పాత చిత్తూరు జిల్లా పల్లెబళ్లలో పాఠాలు చెబుతూ కథలు రాసిన మధురాంతకం రాజారాం, బడి చదువుల మీద ఇదే సీమ మాటతో పుస్తకాలు రాసిన నామిని సుబ్రమణ్యం నాయుడు మనవాళ్లే. ఇంటి మాటతో మొదలైన రాతే ముందు ముందు ఏ మాటనైనా అందుకుంటుందని చెప్పడానికి మనం ఎక్కడికో పోయి సాక్ష్యం వెతుక్కోనక్కర లేదు.

జపాను దేశంలో తొమోయె అనే చిన్న బడి ఉండేది. పాత రైలు పెట్టెల్లో తరగతులు నడిపేవాళ్లు. అక్కడ చదువుకున్న తెత్సుకో కురొయనాగి రాసిన పుస్తకం తెలుగులో రైలుబడి పేరుతో వచ్చింది. పొద్దున పాఠాలు ముగిశాక మధ్యాహ్నం పిల్లలు గుడి దాకా నడిచిపోవడం, దారిలో టీచరు పువ్వు లోపలి కేసరాలు చూపించడం అందులో ఉంది. ఆడుకుంటున్నామని పిల్లలు అనుకుంటుంటే చదువు దానంతట అది జరిగిపోయేది. 1945 బాంబుదాడిలో ఆ బడి కాలిపోయింది. బడి పోయినా దాని గురించి ఒక పూర్వ విద్యార్థి రాసిన పుస్తకం ప్రపంచమంతా చదివారు. మన పెద్దమండ్యం పిల్లలు అంత కాలం ఆగలేదు, బడిలో ఉండగానే రాసేశారు.

ఒక కొరత చెప్పకుండా ముగిస్తే పెద్దరికం అనిపించుకోదు. ఇన్ని చోట్లు చూసిన పిల్లలు మన పాపాఘ్ని నదిని చూడలేదు. నంది కొండల వైపు పుట్టి, మన సీమ గుండా కడప జిల్లాకు పోయి కమలాపురం దగ్గర పెన్నలో కలిసే నది. దాని మీద పక్కనే గాలివీడు మండలంలో వెలిగల్లు ప్రాజెక్టు ఉంది. చెరువుతో మొదలైన చదువు నది దాకా పోవాలి. వచ్చే ఏడు తాడు పట్టుకుని అక్కడికి పొండి.

టీచర్లతో ఒక మాట. పిల్లలను గేటు దాటించడమంటే తలనొప్పి అని నాకు తెలుసు. అనుమతి కాగితాలు, బస్సు బాడుగ, దారిలో ఎవరికైనా వాంతులైతే, ఎవరైనా తప్పిపోతే అన్న భయం, ఏదైనా జరిగితే నెత్తిన పడే నింద. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేనూ ఆ భయంతోనే బస్సెక్కాను, దిగాక తలలు లెక్కపెట్టుకున్నాను. ఈ బడివాళ్లు ఆ బరువు ఎట్లా మోశారో కూడా పుస్తకం చివర ఉంది. ఏ ప్రయాణానికి ఎంతైంది, ఎవరు ఎంత ఇచ్చారు, మందుల డబ్బాలో ఏమేం పెట్టుకున్నారు, ఎంతమంది పిల్లలకు ఒక పెద్దవారున్నారు అన్నీ పట్టికగా వేశారు. మండలంలోని ప్రతి హెడ్మాస్టరూ ఆ పట్టికను రాసుకుని పెట్టుకోవాలి. మండల విద్యాశాఖాధికారి గారు నెలవారీ టీచర్ల సమావేశంలో ఒక గంట ఈ పుస్తకానికి కేటాయిస్తే, నేను వచ్చి కూర్చుంటాను.

బెంగుళూరులోనో గల్ఫులోనో ఉండి ఊరి గుడికి చందా పంపే మన మండలపు బిడ్డలకు కూడా ఒక మనవి. ఒక ఏడాది బస్సు బాడుగ మీరు కట్టండి. దానికి రసీదు బదులు పిల్లలు రాసిన పేజీ ఒకటి మీకు పంపించమని హెడ్మాస్టరుకు నేను చెబుతాను.

చివరిగా తల్లిదండ్రులకు, జేజినాయనలకు, జేజిలకు. ఈ పుస్తకాన్ని బీరువాలో దాచవద్దు. రాత్రి పూట బిడ్డ చేత ఒక్కో పేజీ చదివించుకోండి, మీకు తెలిసింది ఏదైనా అందులో తప్పిపోయి ఉంటే చెప్పండి. వచ్చే జూన్‌లో బడి మళ్లీ తెరిచినప్పుడు, ప్రయాణానికి ఒప్పుకున్నట్టు సంతకం అడుగుతూ ఒక కాగితం ఇంటికి వస్తుంది. వెనకాడకుండా సంతకం పెట్టి పంపండి.